బీపీ చూశామంటున్నారు సరే, తగ్గిందా?

జిల్లా సమీక్షా సమావేశంలో ఆరోగ్యశాఖ వంతు వచ్చినప్పుడు తెర మీదికి వచ్చే పట్టిక కర్నూలులో అయినా, అనంతపురంలో అయినా, కడపలో అయినా ఒకే తీరుగా ఉంటుంది. ముప్పై ఏళ్లు దాటినవారు ఎందరు, వారిలో ఎందరికి బీపీ, షుగర్ చూశారు, శాతం ఎంత. ముందున్న మండలానికి మెచ్చుకోలు, వెనకబడిన మండలానికి చీవాట్లు. ఒక ఇంటింటి సర్వే ముగియకముందే ఇంకొకటి మొదలవుతుంది. ఆ పట్టికల్లో నాకు ఇంతవరకు కనిపించని గడి ఒకటి ఉంది. బీపీ ఉందని తేలినవారిలో ఈ మూడు నెలల్లో ఎందరికి అది 140/90 లోపుకు వచ్చింది? అడిగేవారు లేరు కాబట్టి లెక్క సిద్ధం చేసుకునేవారూ లేరు.

ఒకరి నుంచి ఒకరికి అంటని అసాంక్రమిక వ్యాధుల మీద ప్రపంచ స్థాయిలో జరిగిన హడావుడి పాఠకులకు తెలిసిందే. 2011లో ఐక్యరాజ్యసమితి తొలి ఉన్నత స్థాయి సమావేశం పెట్టింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. గుండె జబ్బులు, క్యాన్సర్, మధుమేహం, ఊపిరితిత్తుల వ్యాధులతో అకాలంగా పోయే ప్రాణాలను 2025 నాటికి నాలుగో వంతు తగ్గిస్తామన్నారు. ఆ తర్వాత సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 2030 నాటికి మూడో వంతు అన్నారు. 2014లో ఒక సభ, 2018లో ఇంకో సభ. 2025 వచ్చింది, వెళ్లింది. నాలుగో వంతు తగ్గలేదు. 2021లో కూడా ఈ జబ్బులతో కనీసం 4.3 కోట్ల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

అయితే 2025 నాటి ఐక్యరాజ్యసమితి రాజకీయ ప్రకటనలో ఒక వాక్యం మాత్రం పనికొచ్చేది. 2030 నాటికి అదనంగా 15 కోట్ల మందికి రక్తపోటును అదుపులోకి తేవాలన్నది అందులో ఒక లక్ష్యం. గమనించండి, పరీక్షించాలని కాదు, అవగాహన కల్పించాలని కాదు. అదుపులోకి తేవాలని. పద్నాలుగేళ్ల సభల తర్వాత దౌత్యవేత్తలకు తట్టిన ఈ సంగతి, పనిచేసి చూపినవారికి అంతకు ఎంతో ముందే తెలుసు.

వాళ్లలో ముందు చెప్పుకోవలసింది ఏ ప్రభుత్వాన్నీ కాదు, కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే అనే సంస్థను. దాని ఉత్తర కాలిఫోర్నియా విభాగంలో 2001లో బీపీ రోగుల్లో దాదాపు 44 శాతం మందికే అది అదుపులో ఉండేది. 2009కి అది 80 శాతానికి చేరింది. కొత్త మందు కనిపెట్టలేదు, కొత్త ఆసుపత్రి కట్టలేదు. బీపీ ఉన్నవారందరి పేర్లూ ఒక రిజిస్టరులోకి ఎక్కించారు. ఏ మందుతో మొదలుపెట్టాలి, తగ్గకపోతే ఏది కలపాలి అన్నది సరళమైన పద్ధతిగా రాసి వైద్యులందరికీ ఇచ్చారు. రెండు మందులు కలిసిన ఒకే మాత్రను వాడుకలోకి తెచ్చారు. బీపీ చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి రానక్కరలేదు, సహాయకుల దగ్గరికి రుసుము లేకుండా రావచ్చన్నారు. అన్నిటికంటే ముఖ్యం, ఏ కేంద్రంలో ఎంత శాతం మందికి అదుపులో ఉందో ఎప్పటికప్పుడు లెక్కకట్టి కేంద్రాలన్నిటి ముందూ పెట్టారు.

ఇంత శ్రద్ధ ఎందుకంటారా? కైజర్ బీమా సంస్థ, ఆసుపత్రుల యాజమాన్యం రెండూ తానే. సభ్యుడికి పక్షవాతం వస్తే ఆ ఖర్చు దాని జేబులోంచే పోతుంది. రూపాయి మాత్ర మానేసిన మనిషి పదేళ్లకు తన నెత్తిన పడతాడని దానికి తెలుసు. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను. రాయలసీమకు సంబంధించి ఈ వ్యాసంలో అసలు విషయం అదే.

రోగిని చివరిదాకా లెక్కలో ఉంచుకోవడమన్న ఆలోచన నిజానికి క్షయ వైద్యం నుంచి వచ్చింది. టాంజానియాలో కారెల్ స్టిబ్లో అనే వైద్యుడు, ఒక త్రైమాసికంలో మందు మొదలుపెట్టిన ప్రతి రోగికీ చివరికి ఏమైందో తేల్చే పద్ధతిని నిలబెట్టాడు. నయమయ్యాడా, చనిపోయాడా, మధ్యలో మానేశాడా, ఊరు మారాడా. ఎవరినీ లెక్కలోంచి జారిపోనివ్వకపోవడమే ఆ పద్ధతి. 1990ల చివర్లో మన దేశ క్షయ నియంత్రణ కార్యక్రమంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున పనిచేసిన టామ్ ఫ్రీడెన్ ఆ పద్ధతిని ఇక్కడ దగ్గరగా చూశాడు. 2017లో రిజాల్వ్ టు సేవ్ లైవ్స్ అనే సంస్థ పెట్టి అదే లెక్కను బీపీకి వర్తింపజేశాడు. అంతకు ముందే 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 'హార్ట్స్' పేరుతో మార్గదర్శకాలు విడుదల చేసింది. క్యూబా, చిలీ, కొలంబియా, బార్బడోస్ ముందుగా అందిపుచ్చుకున్నాయి. క్షయ మీద జనంలోకి వెళ్లి పనిచేయడం మనకు కొత్త కాదని కూడా ఇక్కడే గుర్తు చేయాలి. మదనపల్లె ఆరోగ్యవరం శానిటోరియం 1915 నాటిది. 1950ల్లో ఆ చుట్టుపక్కల పల్లెల్లో జరిగిన క్షయ అధ్యయనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికే అచ్చు వేసింది.

మన దేశంలో ఈ పని 2017 నవంబరులో భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమంగా మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి, కేంద్ర ఆరోగ్యశాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఫ్రీడెన్ సంస్థ కలిసి నడిపాయి. పంజాబ్, కేరళ, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణల్లోని 25 జిల్లాలు తొలి విడత. పక్కింటి తెలంగాణ ఉంది, మనం లేం. చేసిందల్లా ఐదు పనులు: రాష్ట్రమంతటికీ ఒకే చికిత్స పద్ధతి, మందుల నిల్వ ముందే అంచనా వేసి తెప్పించుకోవడం, డాక్టరు పనిలో కొంత నర్సులకు పంచడం, ఊరికి దగ్గరలోనే నెల మందులు ఇవ్వడం, ప్రతి రోగి బీపీనీ ఫోనులో నమోదు చేసి మూడు నెలలకోసారి అదుపు శాతం తీయడం. అందులో తేలిన సంగతి పెద్దాసుపత్రుల మోజు ఉన్నవారికి రుచించదు. జిల్లా ఆసుపత్రుల కంటే చిన్న కేంద్రాల్లోనే బీపీ బాగా అదుపులోకి వచ్చింది. దగ్గర కదా, బస్సు ఛార్జీ లేదు కదా, కూలి పోదు కదా. ఇంతకు మించిన రహస్యం లేదు. 2022లో ఈ కార్యక్రమానికి ఐక్యరాజ్యసమితి పురస్కారం వచ్చింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. పల్లెలో ఆరోగ్య కేంద్రం ఉంది, అందులో ఆరోగ్య అధికారిణి ఉంది, ఏఎన్‌ఎం ఉంది, ఆశా ఉంది, 104 బండి వస్తుంది. పేరు ప్రభుత్వాన్ని బట్టి మారుతుంది, అది వేరే సంగతి. ఉన్న ఊళ్లోనే బీపీ చూస్తారు, మాత్రలు ఇస్తారు. కాదనడం లేదు. ఎలా ఇస్తారో కాస్త దగ్గరగా చూడండి. నిల్వ తక్కువగా ఉన్న నెల ముప్పై మాత్రలు ఇవ్వవలసిన చోట పది ఇస్తారు. పది మాత్రల పట్టీని ఇద్దరికి సర్దవలసి వస్తే కత్తెరతో కత్తిరిస్తారు. కత్తిరించినప్పుడు మందు పేరున్న ముక్క ఒకరి వంతుకు, గడువు తేదీ ఉన్న ముక్క ఇంకొకరి వంతుకు పోతుంది. మందు వాడే పల్లె ఇల్లాలు ఆ ఐదు మాత్రలను కాగితంలో చుట్టి కొంగుకు ముడేసుకుంటుంది. అవి అయిపోయాక ఏ మెడికల్ షాపులో అడగాలన్నా ఏమని అడుగుతుంది? "తెల్లగా, చిన్నగా ఉంటుందయ్యా" అంటుంది. తెల్లగా, చిన్నగా ఉండే మాత్రలు ఆ షాపులో రెండు వందలు ఉంటాయి. రిజిస్టరులో మాత్రం ఆ నెల ఆమె పేరు పక్కన టిక్కు ఉంటుంది.

ఇక సుగ్గి మాట, అంటే కూలి పనులకు పోయే వలస. కోసిగి, పెద్దకడబూరు, హొళగుంద, మంత్రాలయం వైపు పల్లెలు సంక్రాంతి తర్వాత ఎలా ఉంటాయో కర్నూలు జిల్లా వారికి చెప్పనక్కరలేదు. మిరప కోతకు గుంటూరు వైపు, పత్తి తీతకు తెలంగాణ వైపు కుటుంబాలకు కుటుంబాలే లారీలెక్కుతాయి. ఇంటికి తాళం, ముసలివాళ్లు అరుగు మీద. పిల్లల చదువు పాడవుతోందని సీజనల్ హాస్టళ్లు పెట్టాలన్న ఆలోచన ప్రభుత్వానికి వచ్చింది, సంతోషం. బీపీ మాత్రల సంగతి ఎవరికీ రాలేదు. నలభై ఐదేళ్ల మనిషి మూడు నాలుగు నెలలు ఎర్రటెండలో, మిరప ఘాటులో, కళ్లాల పక్కన వేసుకున్న గుడారంలో మందు లేకుండా ఉంటుంది. ఆ చోట ఆరోగ్య కేంద్రానికి ఆమె పరాయి ఊరి మనిషి. సొంత ఊరి రిజిస్టరులో ఆమె 'అందుబాటులో లేరు'. ఈ రెండు మాటలతో ఆరోగ్యశాఖ బాధ్యత తీరిపోతుంది. క్షయ కార్యక్రమంలో అయితే రోగి ఊరు మారితే కొత్త ఊరికి బదిలీ చేయాలి, అక్కడ చేరినట్టు తెలుసుకోవాలి. బీపీకి ఆ మర్యాద ఎందుకు లేదు?

లారీ ఎక్కే ముందు మూడు నెలల మాత్రలు ఒకేసారి చేతిలో పెట్టడానికి ఏ అంతర్జాతీయ సదస్సూ అక్కరలేదు. కోవిడ్ లాక్‌డౌన్‌లో ఆ హైపర్‌టెన్షన్ కార్యక్రమం నడిచిన రాష్ట్రాల్లో ఒకేసారి ఎక్కువ రోజుల మందులు ఇచ్చారు, ఇళ్లకూ చేర్చారు. కొంపలేమీ మునగలేదు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్ర జన ఔషధి దుకాణంలో రూపాయి కూడా పడదు. సుగ్గి ఎప్పుడు మొదలవుతుందో, ఏ ఊరు ఖాళీ అవుతుందో రెవెన్యూ వాళ్లకు తెలుసు, బడి పంతుళ్లకు తెలుసు, కూలీలను తీసుకుపోయే మేస్త్రీలకు ఇంకా బాగా తెలుసు. ఆరోగ్యశాఖ ఒక్కదానికే ఏటేటా అది కొత్త వార్త. అనంతపురం నుంచి బెంగళూరు కట్టడాల పనికి పోయేవారి సంగతీ ఇంతే, కాకపోతే వాళ్లకు సీజను కూడా ఉండదు.

కొందరు పెద్దలు ఇక్కడ అడ్డు తగులుతారు. మాత్రల మీద ఇంత మోజేమిటి, తిండి మారాలి కదా, మన తాతలు కొర్రన్నం, రాగి సంగటి తిని నూరేళ్లు బతికారు కదా అంటారు. తాతల్లో నూరేళ్లు బతకనివారు ఈ వాదనకు రారు కాబట్టి దానికి బలం ఎక్కువ. తిండి మారాలనడంలో తప్పులేదు. కానీ ఉపన్యాసంతో మారదు. ఫిన్లాండ్‌లోని ఉత్తర కరేలియాలో 1972లో పెక్కా పుస్కా మొదలుపెట్టిన పనిని అందరూ ఆహార విప్లవంగా చెబుతారు. అక్కడ పాల సంఘాలతో, సాసేజ్ తయారీదారులతో మాట్లాడి సరుకే మార్పించారు. అంతేకాదు, బీపీ రోగుల రిజిస్టరు పెట్టారు, నర్సులు నడిపే క్లినిక్‌లు పెట్టారు. ఈ సగాన్ని మనవాళ్లు చెప్పరు. కొన్ని దశాబ్దాల్లో అక్కడ పనిచేసే వయసు మగవారిలో గుండె జబ్బు మరణాలు ఎనభై శాతానికి పైగా తగ్గాయి. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మంది మీద జరిగిన ప్రయోగం 2021లో అచ్చయింది. మామూలు ఉప్పు బదులు పావు వంతు పొటాషియం క్లోరైడ్ కలిసిన ఉప్పు ఇస్తే పక్షవాతం 14 శాతం తగ్గింది. ఎవరినీ ఊరగాయ మానమనలేదు, ఉప్పు డబ్బా మార్చారు. కిడ్నీ జబ్బు ఉన్నవారు, ఒంట్లో పొటాషియం పెంచే మందులు వాడేవారు మాత్రం జాగ్రత్తపడాలి. చౌక దుకాణంలో ఆ ఉప్పు పెట్టమని అడగండి, నేనూ మీతో కలిసి అడుగుతాను. ఆలోగా మాత్ర వేసుకోవలసిన మనిషికి మాత్ర ఇవ్వండి.

ఇప్పుడు కైజర్ మాట దగ్గరికి వస్తాను. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. మిగతావి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. మూడూ వెనకబడిన, వలస జిల్లాలే, ఏరికోరి ఎంచుకున్నవే. ఆనాటి నుంచి రాయలసీమ పేదవాడికి గుండెపోటు వస్తే స్టెంటు ఖర్చు ప్రభుత్వానిది. పక్షవాతం వస్తే ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వానిది. కిడ్నీలు పోతే డయాలసిస్ ఖర్చు ప్రభుత్వానిది. ఆ పథకం వేల కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవారు ఎప్పుడూ అప్పు చేసి ఆపరేషన్ చేయించుకోనివారే. కానీ దీని అర్థం ఏమిటి? కాలిఫోర్నియా సంస్థలాగే ఇక్కడ ప్రభుత్వమే బీమాదారు. అదుపు తప్పిన ప్రతి బీపీ బిల్లూ చివరికి దానికే వస్తుంది. మాత్ర ఇవ్వవలసినదీ అదే, స్టెంటుకు చెల్లించవలసినదీ అదే. కైజర్‌ను కదిలించిన స్వార్థం మన ప్రభుత్వానికి అక్షరాలా ఉంది. అయినా కదలదు.

ఎందుకు కదలదంటే మాత్ర ఖర్చు ఒక పద్దులో, స్టెంటు ఖర్చు ఇంకో పద్దులో ఉంటాయి. మందుల నిల్వ చూసే కార్పొరేషన్ వేరు, క్లెయిములు చెల్లించే ట్రస్టు వేరు. ఆదోని ప్రాంతంలో పక్షవాతం కేసులు పెరిగితే ట్రస్టు చెల్లిస్తుందే తప్ప, అక్కడి పీహెచ్‌సీల్లో ఆరు నెలలుగా మాత్రలు ఉన్నాయో లేదో కనుక్కోదు. రెండు కంప్యూటర్లను కలిపి చూస్తే చాలు. పక్షవాతంతో చేరిన మనిషి పేరు ఎన్‌సీడీ (అసాంక్రమిక వ్యాధుల) రిజిస్టరులో ఉందా, ఉంటే చివరిసారి మాత్రలు ఎప్పుడు తీసుకున్నాడు? ఈ ఒక్క ప్రశ్నకు ప్రతి కేసులో జవాబు రాయిస్తే ఏ మండలంలో ఏది తెగిపోయిందో ఏడాదిలో బయటపడుతుంది. బహుశా అందుకే రాయించరు.

పైగా ఇప్పుడు ఉన్న స్వార్థం కూడా పోయే సూచనలు కనిపిస్తున్నాయి. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం వైద్య సేవలకు హైబ్రిడ్ విధానాన్ని ఆమోదించింది. రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన పాతిక లక్షల వరకు ట్రస్టు. ఆరోగ్యశ్రీ మొదట్లోనూ బీమా కంపెనీ ద్వారానే నడిచింది, ఆ తర్వాతే ట్రస్టు చేతికి వచ్చింది. బీమా కంపెనీ లెక్క ఏడాదిది. ఈ ఏడాది ప్రీమియం, ఈ ఏడాది క్లెయిములు. ఇవాళ మాత్ర మానేసిన కోసిగి మనిషికి పక్షవాతం వచ్చేది ఐదేళ్లకో పదేళ్లకో. అప్పటికి ఆ కంట్రాక్టు ఎవరిదో! అలాంటి కంపెనీకి పల్లెలో బీపీ అదుపు గురించి పట్టింపు ఎందుకు ఉంటుంది? ఉండాలని ఎదురుచూడడం మన అమాయకత్వం.

దీని మీద మన ప్రజాప్రతినిధులు ఎందుకు గొంతెత్తరన్నది అసలు వేదన. ఆదోని, పులివెందుల మెడికల్ కాలేజీలను ప్రైవేటు భాగస్వామ్యానికి ఇవ్వడం మీద జరిగిన రభస చూశాం. అధికార పక్షం ఒక మాట, ప్రతిపక్షం ఒక మాట, ధర్నాలు, సంతకాల సేకరణ. ఆ గొడవ అనవసరమని నేను అనను. కానీ ఆ రెండు చోట్ల చుట్టుపక్కల పీహెచ్‌సీలలో టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర నిల్వ ఎంత ఉందని ఆ వేడిలో ఒక్క నాయకుడైనా అడిగాడా? రాయలసీమ రాజకీయమంతా మొదటి నుంచీ ఇంతే. కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందం నుంచి మనం అడిగినవాటిలో నీళ్లు తీసేస్తే మిగిలేవి భవనాలే. రాజధాని, హైకోర్టు, విశ్వవిద్యాలయం, ఉక్కు కర్మాగారం, పెద్దాసుపత్రి. వాటిలో కొన్ని వచ్చాయి, కొన్ని వచ్చి పోయాయి, కొన్నిటికి రెండు మూడు సార్లు శంకుస్థాపన జరిగింది. కడప జిల్లా వారికి ఈ చివరి ముచ్చట విడమరచి చెప్పనక్కరలేదు. భవనానికి శిలాఫలకం ఉంటుంది, ఫలకం మీద పేరు ఉంటుంది. నెలనెలా ముప్పై మాత్రలు ఠంచనుగా అందితే ఎవరి పేరూ ఎక్కడా చెక్కరు. భవనం అడగడం మనకు వంట పట్టింది. ఆ భవనం రోజూ పనిచేయాలని అడగడం ఇంకా నేర్చుకోలేదు.

నడపడం చేతకాని నేల కాదిది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. కూలీల హాజరు, కూలి చెల్లింపు, సామాజిక తనిఖీ, గ్రామసభలో రికార్డులు చదివి వినిపించడం, ఇవన్నీ ఈ పల్లెలు చూసినవే. చదువురాని ఆడవాళ్లు నా పనిదినాలు ఇన్ని, రాసింది ఇన్ని అని అధికారిని నిలదీశారు. ఆ తనిఖీనే ఆరోగ్య కేంద్రానికి పెట్టవచ్చు. రోగుల పేర్లు, జబ్బులు బయటపెట్టనక్కరలేదు. ఊరికి మూడు అంకెలు చాలు: మందు వాడవలసినవారు ఎందరు, గత మూడు నెలల్లో ఒక్క రోజు కూడా తప్పకుండా మాత్రలు అందింది ఎందరికి, బీపీ అదుపులో ఉన్నది ఎందరికి. కేంద్రం గోడ మీద రంగుతో రాస్తే సరి. మూడో అంకె తక్కువగా ఉందని ఆ ఊరి ఆశా మీద విరుచుకుపడకూడదు. రెండో అంకె చూసి జిల్లా మందుల గిడ్డంగిని నిలదీయాలి. ఈ తేడా పాటించకపోతే మూడో అంకె కూడా టిక్కుల లెక్క అయిపోతుంది.

బీమా కంపెనీలతో ఒప్పందం మీద ఎలాగూ సంతకాలు కావాలి కాబట్టి, అందులో ఒక షరతు చేర్చమని కర్నూలు, నంద్యాల, అనంతపురం, శ్రీసత్యసాయి, కడప, అన్నమయ్య జిల్లాల ఎమ్మెల్యేలు అడగవచ్చు. ప్రీమియంలో కొంత భాగాన్ని ఆపి ఉంచాలి. జిల్లాలో బీపీ, షుగర్ అదుపు శాతం ఏడాదికేడాది పెరిగితేనే దాన్ని విడుదల చేయాలి. ఆ శాతాన్ని కంపెనీ కాదు, ఆరోగ్యశాఖ కూడా కాదు, మెడికల్ కాలేజీల సామాజిక వైద్య విభాగాలు ఊళ్లకు వెళ్లి నమూనాగా కొలవాలి. సుగ్గికి పోయినవారిని లెక్కలోంచి తీసేయకూడదని ఆ షరతులోనే రాయాలి. కంపెనీలు ఇది కుదరదంటాయి. ఏ కంపెనీ కుదరదన్నదో, ఏమని కారణం చెప్పిందో అసెంబ్లీలో చదివి వినిపించండి.